బాణాలన్నీ కింది వాటా వైపే

అడగడం కొందరికి అలవాటు, కొందరికి జబ్బు. పై వాటా ఆవిడకు మాత్రం అది ఉద్యోగం. భుజాన సంచీ, సంచీలో అట్ట, అట్టకు బిగించిన ప్రశ్నల కాగితాలు, మాటలు పట్టుకునే ఓ చిన్న రికార్డరు. ఇవి లేకుండా ఆవిడ గుమ్మం దిగగా చూసినవాళ్ళు లేరు. మనుషులు ఎలా బతుకుతున్నారు, ఎవరితో ఎలా మెలుగుతున్నారు, దేనికి భయపడుతున్నారు అని ఇల్లిల్లూ తిరిగి అడిగి, ఆ చెప్పినవన్నీ కూడేసి పుస్తకాలు వేసే సంస్థ ఒకటుంది. అందులో ఆవిడ పరిశోధకురాలు. పెద్ద చదువే చదివింది. అయినా వీధిలోవాళ్ళు ఆ చదువును గౌరవించి పెట్టిన పేరు ప్రశ్నలమ్మ. ఎదురుగా అనరు లెండి, నాలుగడుగులు వెనక నుంచి అంటారు.

రెండు వాటాల ఇల్లది. పైన పెద్దకొడుకూ, అతని భార్య ప్రశ్నలమ్మా. కింద చిన్నకొడుకూ, అతని భార్యా. చిన్నకోడలు స్కూలు చదువుతో సరిపెట్టుకుని, ముందు గదిలో మిషను వేసుకుని బట్టలు కుడుతుంది. ఆమెను వీధి మొత్తం చిన్నక్క అంటుంది. చిన్నక్క పుట్టకముందే జుట్టు నెరిసిన ముసలాయన కూడా చిన్నక్కా అనే పిలుస్తాడు.

తోటికోడళ్ళిద్దరికీ ఏనాడూ మాటా మాటా రాలేదు. వచ్చిన చిక్కల్లా అదే. ఒక్కసారి నోరు చేసుకుని ఉంటే లోపలున్నది బయటపడి పోయేది. అలా పడలేదు గనుక ప్రశ్నలమ్మ కడుపులోనే ఉండి, నివురు కప్పిన నిప్పులా ఏళ్ళ తరబడి రాజుకుంటూ వచ్చింది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి కింది గుమ్మం ముందు చెప్పుల గుట్ట ఉంటుంది. పిల్లల చెప్పులు, ముసలివాళ్ళ చెప్పులు, తెగి పిన్నీసు పెట్టుకున్న చెప్పులు. వాటిని దాటుకుని మెట్లెక్కాలి. ఎక్కాక తన గుమ్మం ముందు ఉండేవి తన చెప్పులే. అవి కూడా తను విడిచాకే.

"ఏముందని అందరూ అక్కడ చేరతారు?" అని మొగుణ్ణి అడిగేది.

"ఏమో, ఫ్యాను బాగా తిరుగుతుందేమో" అనేవాడు ఆయన పేపరు దించకుండా.

సరే, ఆ ఏడు ఆఫీసులో కొత్త పని మొదలైంది. ఆపద వస్తే మనిషి ముందుగా ఎవరి తలుపు తడతాడు అన్నది తెలుసుకోవాలి. ఊళ్ళో కొన్ని వీధులు ఎంచుకున్నారు. వాటిలో ప్రశ్నలమ్మ ఉండే వీధి కూడా ఉంది. ముందు వేరేవాళ్ళను పంపితే వీధివాళ్ళు గుమ్మం ఎక్కనివ్వలేదు. ఒకావిడైతే కుక్కను విప్పింది. అప్పుడు ఆఫీసుకు పెద్ద అయిన మేడమ్, ప్రశ్నలమ్మను పిలిచింది.

"మీ వీధేగా, మీరే వెళ్ళండి. మిమ్మల్నైతే కరవదు. ఈసారి పుస్తకం మీద మీ పేరే ముందు వేద్దాం."

ఆ మాటకు ప్రశ్నలమ్మ కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇన్నేళ్ళుగా ఆవిడ పేరు పుస్తకం చిట్టచివర, సహకరించినవారు అన్న మాట కింద, చీమ తలకాయంత అక్షరాల్లో పడుతూ వచ్చింది. చూపించాలంటే మొగుడికి కూడా వేలు పెట్టి చూపించాల్సి వచ్చేది. ఇప్పుడు అట్ట మీద, ముందు! కింది వాటాకు ఎంతమంది వచ్చిపోతే ఏం, పుస్తకం మీద పేరు పడుతుందా?

ఆ సంస్థలో ఒక కట్టుబాటుంది. మాట చెప్పినవాళ్ళ పేర్లు బయటికి రాకూడదు. అందుకని ప్రతి ఇంటికీ ఒక పక్షి పేరు పెడతారు. మెకానిక్కు ఇల్లు కొంగ, మూల ఇంటి బామ్మ పిచ్చుక, కుక్కను విప్పినావిడ గద్ద, ఇలా. పేర్లు పెట్టే పని ప్రశ్నలమ్మదే. తన ఇంటికి నెమలి అని పెట్టుకుంది. ఎవరొచ్చి చూస్తారు గనుక! కింది వాటాకు ఏం పెట్టాలా అని ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. కాకి.

అడగడం మొదలుపెట్టింది. మొదట మెకానిక్కు.

"ఆపదొస్తే ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు?"

"ఇంకెవరండీ, చిన్నక్క."

కాగితం మీద ఆ తర్వాతి ప్రశ్న వేరే ఉంది. కానీ నోరు ఊరుకుంటేనా?

"పైన నేనూ ఉన్నాను కదా?"

మెకానిక్కు చేతులకంటిన నూనె గుడ్డకు తుడుచుకుంటూ నవ్వాడు. "మీరు ఆఫీసు మనిషండీ. మీ దగ్గరికి రావాలంటే చొక్కా మార్చుకోవాలి. ఆపదలో చొక్కా ఎక్కడ వెతుకుతాం?"

మూల ఇంటి బామ్మ అయితే అంత మర్యాద కూడా చెయ్యలేదు. "ఒకసారి నీ దగ్గరికే వచ్చానే తల్లీ, కాలు మడతపడిందని. నువ్వేం చేశావు? ఎప్పుడు పడింది, ఎలా పడింది, పడినప్పుడు మీకేమనిపించింది అని అడిగావు. నొప్పనిపించింది తల్లీ, ఇంకేమనిపిస్తుంది! నీకు జవాబులు చెప్పేలోగా కాలు వాచి కూర్చుంది. అప్పట్నించీ కిందకే."

గద్ద ఇంటావిడ కుక్కనైతే కట్టేసింది గానీ, జవాబు మాత్రం అదే. ఆ పక్కింట్లో అదే, ఎదురింట్లో అదే. ప్రతి గుమ్మంలోనూ చిన్నక్క, చిన్నక్క, చిన్నక్క. అడిగే ప్రతిసారీ ఎవరో గోరుతో అదే పుండును గీకుతున్నట్టుండేది. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకతె. ఇక్కడ తోటికోడలు నవ్వను కూడా నవ్వడం లేదు, హాయిగా మిషను తొక్కుకుంటోంది. అయినా ఏడుపొస్తోంది.

చివరికి తన ఇంట్లో. భోజనాల దగ్గర మొగుడి ముందు కూర్చుని, ఏదో ఆటకన్నట్టు అడిగింది.

"మీకు ఆపదొస్తే ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు?"

"మా తమ్ముడి భార్య దగ్గరికి."

ప్రశ్నలమ్మ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. "నేను కనపడలేదా?"

"నువ్వింట్లోనే ఉంటావుగా, నీ దగ్గరికి రావడమేంటి?" అన్నాడాయన ముందు తెలివిగానే. అక్కడితో ఆగితే బాగుండేది. పళ్ళెం వైపు చూస్తూ, "అయినా మొన్న ఉద్యోగంలో మాట పడ్డప్పుడు వచ్చి కిందే కూర్చున్నాలే కాసేపు. నీకు చెబితే మొదటి నుంచి చెప్పాలి" అన్నాడు.

"మాట పడ్డారా? ఎప్పుడు? ఎవరన్నారు?"

"చూశావా" అన్నాడాయన.

జవాబులన్నీ వచ్చాక పెద్ద కాగితం మీద బొమ్మ గీయాలి. ఇంటికో సున్నా, సున్నాలో పక్షి పేరు. ఎవరు ఎవరి దగ్గరికి వెళ్తారో అటువైపు బాణం. ప్రశ్నలమ్మ స్కేలు పెట్టి గీసింది. కొంగ నుంచి కాకికి. పిచ్చుక నుంచి కాకికి. గద్ద నుంచి కాకికి. చిలక, పావురం, గోరింక, అన్నీ కాకికే. నెమలి నుంచి కూడా ఒక బాణం కాకికే. నెమలి వైపు మాత్రం ఎటునుంచీ ఒక్క గీత రాలేదు. ఇంత పింఛం పెట్టుకుని అది ఓ మూల ఒంటరిగా నిలబడింది.

పుస్తకం అట్ట మీద తన పేరు. అట్ట తిప్పితే లోపల తోటికోడలి వైభవం. దాన్ని తన చేత్తోనే గీసి, తన పేరే పెట్టి, ఊరందరి ముందూ పెట్టాలి. ఇంతకంటే శిక్ష ఉంటుందా?

అప్పుడు గుర్తొచ్చింది నిబంధన. పరిశోధకుల బంధువుల జవాబులు లెక్కలోకి తీసుకోరాదు. ఎప్పటినుంచో ఉన్న నిబంధనే. తన ఇంటికి నెమలి అని పేరు పెట్టుకున్నప్పుడు గుర్తు రాలేదు గానీ, ఇప్పుడు దేవుడిచ్చిన వరంలా గుర్తొచ్చింది. కాకి బంధువు. కాకిని తీసెయ్యాలి. దాంతోపాటు నెమలీ పోతుంది. పోతే పోయింది, దాని ముఖం చూసిన బాణమెక్కడుందని! కాకి పోయాక ఆ వైపు వెళ్ళే బాణాలు మాత్రం ఎందుకు? అవీ తీసేసింది. కొత్త కాగితం మీద శుభ్రంగా మళ్ళీ గీసింది. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లికి ఎంత ప్రశాంతంగా ఉంటుందో ఆవిడకు అంత ప్రశాంతంగా ఉంది.

మేడమ్ ఆ బొమ్మను బల్ల మీద పరుచుకుని చాలాసేపు చూసింది. సున్నాలు, సున్నాలు. వాటి నడుమ ఒక్క గీత కూడా లేదు. మిగతాదంతా తెల్లకాగితం.

"ఇంత అనాథ వీధిని నేనెక్కడా చూడలేదు" అంది మేడమ్. "ఎవరికీ ఎవరూ లేరా? ఎంత ఆశ్చర్యం! ఇదే మొదటి అధ్యాయం. పక్కపక్క గోడలు, మనిషికి మనిషి లేడు. వచ్చే సభలో ఇది మీరే చదవండి."

ప్రశ్నలమ్మ బొమ్మను అక్కర్లేనంత గబగబా చుట్టేసింది. సంతోషం కొద్దీ అనుకుంది.

"అన్నట్టు, తీసేశామని రాసిన ఈ రెండిళ్ళూ బంధువులవే కదా?" అంది మేడమ్. "మీ ఇల్లు సరే. రెండోవాళ్ళను కూడా ఒకసారి అడిగి ఆ కాగితం పక్కన పెట్టండి. ఎందుకు తీశారని రేపెవరైనా అడిగితే చూపించాలి."

అప్పుడు తెలిసింది ప్రశ్నలమ్మకు. వీధంతా తిరిగింది గానీ చిన్నక్కను మాత్రం తను అడగనే లేదు.

మర్నాడు ఆదివారం. అట్ట పట్టుకుని మెట్లు దిగింది. దిగుతూ దిగుతూ ఒక ఆలోచన వచ్చింది. ఇదే ప్రశ్న చిన్నక్కను అడిగితే ఏం చెబుతుంది? ఇంకెవరక్కా, నువ్వే అంటుంది. అనక ఏం చేస్తుంది? ఇంటికి పెద్దకోడలు, చదువుకున్న మనిషి, పిలిస్తే పలికేంత దూరం. ఆ మాట అన్నప్పుడు ఎంత పెద్దరికంగా తల ఊపాలో కూడా మెట్ల మీదే చూసుకుంది.

"రా అక్కా, రా!" చిన్నక్క కుర్చీ మీది గుడ్డలు తీసి నేల మీద పడేసింది. "నా వంతొచ్చిందా? వీధంతా అడిగావు, నన్ను వదిలేశావేంటా అనుకుంటున్నా."

"నువ్వు బంధువ్వి. లెక్కలోకి రావు."

"బంధువులైతే లెక్కలోకి రారా? మీ ఆఫీసువాళ్ళకి ఇప్పుడు తెలిసిందేమో గానీ నాకు పెళ్ళైనప్పుడే తెలిసింది."

ప్రశ్నలమ్మకు నవ్వొచ్చింది. నవ్వకుండా రికార్డరు బల్ల మీద పెట్టింది. అడగబోతుండగా మెకానిక్కు భార్య గుమ్మంలో నిలబడి, "చిన్నక్కా, తాళం ఇక్కడ పెడుతున్నా, ఆయనొస్తే ఇవ్వు" అని మేకుకు తగిలించి వెళ్ళిపోయింది. మళ్ళీ అడగబోయింది. ఈసారి మూల ఇంటి బామ్మ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, ఎవరూ కూర్చోమనకుండానే పీట లాక్కుని కూర్చుంది. కొంగున కట్టుకొచ్చిన మాత్రల డబ్బా చిన్నక్క ఒళ్ళో పెట్టింది. చిన్నక్క సూది జాకెట్టుకు గుచ్చుకుని, ఒక తెల్లమాత్రా ఒక పచ్చమాత్రా ఏరి బామ్మ అరచేతిలో వేసి, నీళ్ళ గ్లాసు అందించింది. బామ్మ మింగింది. డబ్బా మూట కట్టుకుని వెళ్ళిపోయింది. ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

"రోజూ వస్తుందా?" అడిగింది ప్రశ్నలమ్మ.

"రెండు పూటలా. అక్షరాలు ఆనవు కదా ఆవిడకి. ఒకసారి పచ్చవి రెండేసుకుని కళ్ళు తిరిగి పడిపోయింది. నీకు తెలీదూ?"

తెలీదు. ప్రశ్నలమ్మకు తన బొమ్మలోని పిచ్చుక కనిపించింది. కాగితం చివర చిన్న సున్నా, చుట్టూ తెలుపు. తను చెరిపింది కాకిని అనుకుంది. మరి ఈ ముసలావిడ మాత్రల డబ్బా పట్టుకుని ఆ కాగితంలో ఎక్కడికి నడిచి వెళ్ళాలి?

"అడుగు మరి" అంది చిన్నక్క.

"ఆపదొస్తే నువ్వు ముందు ఎవరి దగ్గరికి వెళ్తావు?"

చిన్నక్క మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. ప్రశ్నలమ్మ తల ఊపడానికి సిద్ధంగా ఉంది.

"లాండ్రీ ఆవిడ దగ్గరికి."

"ఎవరూ?"

"వెనక వీధిలో ఆవిరి ఇస్త్రీ వేస్తుందే, ఆవిడ."

ప్రశ్నలమ్మ ముఖం కత్తి వేటుకు నెత్తురు చుక్క లేనట్టయింది. "ఆవిడ నీకేమవుతుంది?"

"ఏమీ అవదు. బట్టలివ్వడానికి వెళ్తాను, ఆ బెంచీ మీద కూర్చుంటాను. ఆవిడ పని ఆవిడది. ఒక్కోసారి ఏడుపొస్తే అక్కడే ఏడ్చి, ముఖం తుడుచుకుని వచ్చేస్తాను. ఏమని అడగదు."

"నువ్వు ఏడుస్తావా? దేనికి? ఎప్పట్నించి?"

"ఇదిగో, మొదలెట్టావు." చిన్నక్క పళ్ళతో దారం తెంపింది. నవ్వుతూనే ఉంది గానీ కళ్ళు మాత్రం గుడ్డ మీదే ఉన్నాయి. "పొద్దున్నించీ అందరూ వచ్చి చెబుతారక్కా. వింటాను. నాకూ ఒక చోటు ఉండాలిగా?"

"మెట్లెక్కితే నేను లేనూ?"

"ఉన్నావు. నీకు చెబితే రాసుకుంటావేమోనని భయం."

ఆ రోజంతా ప్రశ్నలమ్మకు కాలు కాలిన పిల్లి తిరుగుడే. ఇన్నాళ్ళూ వీధంతా చిన్నక్క దగ్గరికి వెళ్తోందని మండింది. ఇప్పుడు చిన్నక్క ఇంకెవరి దగ్గరికో వెళ్తోందని అంతకు రెట్టింపు మండుతోంది. ఏ మంట ముందు పుట్టిందో, అసలు మొదటి మంట కూడా ఇందుకేనా అన్నది ఆవిడకే తెలియలేదు. మొగుడితో అంటే, "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అన్నాడు. ఆ పూట ఆయనకు భోజనం వడ్డించింది గానీ మాట వడ్డించలేదు.

సోమవారం పాత బొమ్మ చుట్టి చంకన పెట్టుకుని మేడమ్ గదిలోకి వెళ్ళింది. ఈసారి పాత బొమ్మలో ఒక కొత్త బాణం కూడా ఉంది. కాకి నుంచి బయలుదేరి, వీధి దాటి, కాగితం అంచు దాకా పోయింది. నిజం చెప్పాలి గనుక గీసింది. కానీ అందరికీ దిక్కైన మనిషికి దిక్కు తను కాదని చెప్పే ఆ గీతను మిగతా అన్నిటికంటే లావుగా గీసింది. అది నిజం కోసం కాదు.

"ఇదేంటి?" అంది మేడమ్.

"ఇదీ మా వీధి. మొన్నటిది కాదు."

"నిబంధన ప్రకారమే తీశామన్నారు?"

"నిబంధన మంచిదే మేడమ్. నేను తీసింది మాత్రం నిబంధన కోసం కాదు." కాకి మీద వేలు పెట్టింది. "ఆవిడ మా తోటికోడలు. ఆ బాణాలు చూడలేకపోయాను."

మేడమ్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"సభలో చదివి ఉంటే?"

"అదే భయమేసి వచ్చాను."

"మీ వాళ్ళున్న వీధి మీకివ్వడం నా పొరపాటు" అంది చివరికి. "వేరే మనిషిని పంపి మొత్తం మళ్ళీ అడిగించాలి. మీరు తోడు వెళ్ళి తలుపులు తీయించండి, అంతవరకే. పేరు ముందు వేయలేను. అర్థమవుతోందిగా?"

అర్థమైంది. చీమ తలకాయంత అక్షరాలు మళ్ళీ కళ్ళ ముందు కదిలాయి. తల ఊపింది. మెట్ల మీద నేర్చుకున్న ఊపు కాదది.

గుమ్మం దాటబోతుంటే మేడమ్ పిలిచింది. "ఈ ఇంటికి కాకి అని ఎవరు పెట్టారు? భలే కుదిరింది. మెతుకు దొరికితే అందర్నీ కేకేసి పిలిచేది అదొక్కటేగా."

"నేనే పెట్టాను" అంది ప్రశ్నలమ్మ. ఎందుకు పెట్టిందో చెప్పలేదు. ఒక రోజుకు ఒక నిజం చాలు.

కొత్తమనిషి వచ్చింది, అడిగింది, వెళ్ళింది. బాణాలన్నీ మళ్ళీ కింది వాటా వైపే వచ్చాయి. ఇక ఊరుకోవచ్చు. కానీ ప్రశ్నలమ్మకు ఊరుకోవడం ఎవరూ నేర్పలేదు. ఒక సాయంత్రం బీరువాలోంచి ఒక దుప్పటి తీసి, సంచీలో పెట్టుకుని వెనక వీధికి నడిచింది.

లాండ్రీ కొట్టు ఇరుకుగా, వేడిగా ఉంది. తాళ్ళ మీద చొక్కాలు తలలు లేని మనుషుల్లా వేలాడుతున్నాయి. లాండ్రీ ఆవిడ గట్టి మనిషి, మోచేతుల దాకా చెమట. గోడవారన బెంచీ. ఓహో, ఈ బెంచీయేనా అనుకుని ప్రశ్నలమ్మ దాని మీద సరిగ్గా నడుమ కూర్చుంది, రెండోవాళ్ళకు చోటు లేకుండా.

లాండ్రీ ఆవిడ దుప్పటి విప్పి చూసింది. "ఇది ఇస్త్రీ అయ్యే ఉందిగా?"

"మడత నచ్చలేదు."

ఆవిడ దాన్ని బల్ల మీద పరిచింది. ఇస్త్రీపెట్టె బుసకొట్టింది. ఆవిరి లేచింది. ప్రశ్నలమ్మ ఓర్చుకుంది, ఇంకాస్త ఓర్చుకుంది. ఓర్చుకోలేకపోయింది.

"మా తోటికోడలు ఇక్కడికి వస్తూ ఉంటుందట?"

"మీరు ప్రశ్నలమ్మగారా?"

"ఎవరు చెప్పారు?"

"చిన్నక్కే. మీరొస్తారని కూడా చెప్పింది."

ప్రశ్నలమ్మ బెంచీ మీద ముందుకు జరిగింది. "ఇంకేం చెప్పింది?"

"మీరు అడుగుతారని చెప్పింది. చెప్పొద్దంది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. లాండ్రీ ఆవిడ ముఖంలో వెటకారం లేదు, జాలీ లేదు. ప్రశ్నలమ్మ నోట్లో మరో నాలుగు ప్రశ్నలు వరసలో నిలబడి తోసుకుంటున్నాయి. ఒక్కొక్కదాన్నీ మింగింది. మందుమాత్రలు నయం, నీళ్ళతోనైనా దిగుతాయి.

"లేవండి, ఓ చెయ్యి వేద్దురు" అంది లాండ్రీ ఆవిడ, ఇంకెవరిదో పెద్ద దుప్పటి విదిలిస్తూ. "ఆ రెండు కొసలూ పట్టుకోండి. బిగించి లాగండి. ఊఁ, ఇప్పుడు నా వైపు రండి."

ప్రశ్నలమ్మ లాగింది, నడిచి వచ్చింది, కొసలు కలిపింది. మళ్ళీ వెనక్కి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. దుప్పటి ఇద్దరి మధ్యా సగమై, పావై, చేతుల్లో ఇమిడిపోయింది.

లాండ్రీ ఆవిడ అంచులు చూసుకుని తృప్తిగా బల్ల మీద పెట్టింది. "చిన్నక్క పట్టుకుంటే ఎప్పుడూ వంకరే" అంది. "మీరు చక్కగా పట్టుకున్నారు."

"వంకరా?" అంది ప్రశ్నలమ్మ.

"వంకరే. ఎన్నిసార్లు చెప్పినా అంతే."

పుస్తకం మీద పేరు పోయిన నాటి నుంచి ప్రశ్నలమ్మకు ఇంత కమ్మని మాట చెవిన పడలేదు. తన దుప్పటి సంచీలో పెట్టుకోవడం మరిచిపోయి, తాళ్ళ మీద వేలాడుతున్న మరో దుప్పటి వైపు చూసింది.

"అదీ మడవాలా?" అని అడిగింది.